చాదస్తమా? వంశదోషమా?

మన యిండ్లలో 'చాదస్తము' అను మాట వినబడని దినము లేదు. ఛందస్సును, అనగా వేదమును, చదివినవానికి ఛాందసుడని పేరు. అట్టివాడు ఆచారమును వెండ్రుకవాసియైనను తప్పక నడచుకొనువాడగుటచే, ఆ మాట క్రమముగా ఇంటింటి వాడుకలోనికి దిగి, పట్టినపట్టు విడువని వారికెల్ల చెల్లుచున్నది. కడిగిన చెంబే మరల కడుగు అత్తగారికి చాదస్తము. తాళము వేసి వీథిచివఱదాక పోయి, వేసితినో లేదో యని వెనుకకు మరలి వచ్చు మామగారికి చాదస్తము. మనము నవ్వుకొని ఊరకుందుము. అందు హాని లేదు. ఒక్కొక్కప్పుడు మేలును కలదు. వానకాలమున నల్లరేగడి మన్ను కాళ్ల కంటుకొని గడప దాటి వచ్చు నంద్యాల ప్రాంతమున, దినమునకు రెండుమాఱులు గడప కడుగు ఇల్లాలిని తప్పుపట్టువారెవరు? మహానంది కోనేటిలో, అడుగున పడిన కాసు పైకి కనబడునంతటి తేటనీరు చూచి పెరిగినవారికి శుభ్రతపై మక్కువ యుండుటలో వింత యేమి?

నంద్యాలనుండి దక్షిణముగా పోయిన ఆళ్లగడ్డ వచ్చును. అచ్చటి శిల్పులు రాతిని దేవతావిగ్రహములుగా మలచుటలో పేరుపడినవారు. విగ్రహమునకు కన్ను తీర్చునపుడు శిల్పి కొలిచినదే కొలుచును; ఒక గీత గీసి, దూరముగా జరిగి చూచి, మరల దగ్గఱకు వచ్చి కొలుచును. చూచువారికి అదియు చాదస్తముగనే తోచును. కాని కొలత కుదిరిన క్షణమున అతని మనస్సు 'చాలు' అనును. ఉలి క్రింద పెట్టును. ఇంటికి పోయి సుఖముగా భోజనము చేయును.

ఆ 'చాలు' అను మాట మనస్సునుండి రానివారు కొందఱు కలరు. వారినిగూర్చియే మేమీ వ్యాసమున వ్రాయ దలచితిమి.

ఒక గృహిణిని ఊహించుకొందము. ఆమె చేతులు కడుగుకొనును. శుభ్రమైనవని కంటికి కనబడుచునే యున్నది. అయినను, ఇంకను ఏదియో అంటియున్నదను భయము లోపల నిలిచిపోవును. మరల కడుగును. సబ్బు అరిగిపోవును, అఱచేతులు పగిలి నెత్తురు చిమ్మును, కుండలలోని నీరు వట్టిపోవును. స్నానమునకు పోయినామె రెండు గంటలకు గాని బయటికి రాదు. బడినుండి వచ్చిన బిడ్డ కొంగు పట్టుకొన్నచో కొట్టినంత పనిచేసి, పిమ్మట తానే యేడ్చును. ఇది అర్థము లేని పనియని ఆమెకు తెలియదా? తెలియును. మనకంటె బాగుగా తెలియును. తెలిసియు మానలేకపోవుటయే ఆ బాధ.

ఈ బాధకు రూపములనేకములు. వేసిన తలుపునే ఇరువదిమాఱులు వేసి చూచువారు, చదివిన పంక్తినే చదువుచు పరీక్షలో కాలము చాలక కూర్చుండు విద్యార్థులు, సామానులన్నియు ఒక్క వరుసలో నుండనిచో ఊపిరాడనివారు కలరు. అన్నిటికంటె గుప్తముగా నుండునది మఱియొకటి. అహోబిలము కొండ యెక్కి నరసింహస్వామి యెదుట చేతులు జోడించిన భక్తురాలి మనస్సులో, ఆమె కోరకయే, స్వామిని దూషించు మాట యొకటి మెదలును. ఆమె నిలువున వణకును. తన కంటె పాపాత్మురాలు లేదనుకొనును. ఆ పాపము పోవుటకు ప్రదక్షిణములు మొదలిడును. లెక్క తప్పెనేమో యని మరల మొదటినుండి చేయును. ఇంటివారు ఆమె భక్తిని పదిమందికి చెప్పి మురియుదురు. ఆమె లోపల కాలిపోవుచుండును.

వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనియు, పొట్టిగా ఓ.సి.డి. అనియు పిలుతురు. పిలువకయే వచ్చి పీడించు తలంపు ఒక భాగము. ఆ తలంపు కలిగించు భయమును అణచుటకై చేసినదే చేయు క్రియ రెండవ భాగము. దినములో ఒక గంటకు మించిన కాలము దీనికే పోవుచు, ఇంటి పని, చదువు, కాపురము చెడుచున్నచో అది వ్యాధియని వారి గుఱుతు. దీనికి దాయాదుల వంటి వ్యాధులును కలవు. తల వెండ్రుకలు తానే పీకుకొనుట, పనికిరాని వస్తువొక్కటియు పాఱవేయలేక ఇల్లంతయు నింపుట, చక్కని ముఖము గలవారు తమ ముక్కు వికారమని అద్దము విడువకుండుట, కనుఱెప్పలు అదరుట, మెడ విదిలించుట, గొంతునుండి శబ్దములు వెలువడుట మొదలగు టురెట్ లక్షణములు ఆ కుటుంబములోనివే.

2015-16 సంవత్సరములలో భారత ప్రభుత్వము జరిపించిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, పెద్దవారు వేయిమందికి ఇంచుమించు 8 మందికి ఈ వ్యాధి కానవచ్చెను. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము లేదు. అయినను ఆ లెక్క ఇచ్చట మాఱునని తలచుటకు హేతువు కానరాదు. అనగా ఒక మోస్తరు గ్రామమున అట్టివారు ఎనమండుగురైనను ఉందురు. మనకు తెలిసినవారు ఒక్కరును లేరని మీకు తోచినచో, వారు దాచుకొనుటలో ఎంత నేర్పరులో దానినిబట్టి ఊహించుకొనవచ్చును.

స్త్రీలకు సంబంధించిన సంగతి యొకటి ఇచ్చట చెప్పక విడువరాదు. ఈ వ్యాధి కొందఱకు గర్భిణిగా నున్నపుడో, ప్రసవానంతరముననో తొలిసారి తలయెత్తును. ముందే యున్నవారికి అప్పుడు ముదురును. పచ్చి బాలెంతరాలు కత్తిపీట చూడగనే, 'ఈ కత్తితో బిడ్డనేమైన చేయుదునేమో' అను భయంకరమైన తలంపు కలిగి, బిడ్డను తాకుటయే మానివేయును. ఎవరికి చెప్పగలదు? చెప్పినచో తన్ను రాక్షసి యందురు, బిడ్డను లాగుకొందురు. నిజమేమనగా, ఓ.సి.డి. వలన ఇట్టి తలంపులు వచ్చు తల్లి బిడ్డకు హాని చేయునది కాదు. ఆ తలంపును చూచి అందఱికంటె ఎక్కువగా భయపడునది ఆమెయే. ప్రసవానంతరము అరుదుగా వచ్చు ఉన్మాదము వేఱు. అందు తల్లికి నిద్ర యుండదు, లేని మాటలు వినబడును, తన తలంపులు తప్పని ఆమెకు తోచదు. అట్టి సమయమున ఆ దినమే వైద్యుని కడకు కొనిపోవలయును. రెంటిని ఒకటిగా చూచి బాలెంతరాలిని అదలించుట క్రూరము.

ఇక వంశము మాట. సంబంధము కలుపుకొనువేళ మన పెద్దలు రహస్యముగా విచారించు వానిలో ఇది యొకటి. 'పిల్ల తల్లికి చేతులు కడుగు జబ్బట. ఆ యింటి పిల్ల మనకేల?' అందురు. కాపురమునకు వచ్చిన కోడలికి ఈ వ్యాధి బయటపడినచో, 'ఆ పుట్టింటి రక్తము' అందురు. కొడుకునకు వచ్చినచో తల్లి పెంపక మందురు. మేము గమనించినంతలో, తీర్పు ఎటు తిరిగినను, దోషము మాత్రము ఆడుదాని యొడిలోనే వచ్చి పడుచున్నది. ఇందు మన దేశమొక్కటియే తప్పుచేసినదని యనుకొనరాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో ఫ్రాయిడు పండితుడును అతని శిష్యులును, పసితనమున బిడ్డకు మలమూత్రముల విషయమున నేర్పిన కఠినమైన కట్టుబాటునకును ఈ వ్యాధికిని ముడివేసిరి. ఆ కట్టుబాటు నేర్పునది తల్లియే కదా!

కుటుంబములలో దీని జాడ యున్నదని వైద్యులు పూర్వమే పసిగట్టిరి. 1936లో లండనున ఆబ్రీ లూయిసు అను వైద్యుడు 50 మంది రోగుల తలిదండ్రులను విచారింపగా, వారిలో మూడవవంతునకు మించి అట్టి స్వభావపు ఛాయలు కనబడెను. అయితే ఒక యింట ఇద్దఱకు ఒకే వ్యాధి యున్నంతమాత్రమున అది రక్తమున వచ్చినదని చెప్పుటకు వీలులేదు. చూచి నేర్చినదియు కావచ్చును. ఈ చిక్కు విప్పినవారు కవలలు. కవలలు రెండు తెఱగులు. ఒకే పిండము రెండుగా చీలి పుట్టినవారికి జన్యువులన్నియు ఒకటే. వేఱువేఱు పిండములనుండి ఒకే కాన్పున పుట్టినవారు తక్కిన తోబుట్టువుల వంటివారే. ఇరుతెఱగులవారును ఒకే యింట, ఒకే తల్లి చేత పెరుగుదురు. వ్యాధి కేవలము పెంపకము వలన వచ్చునదైనచో ఇద్దఱిలోను సమానముగా పంచుకొనబడవలయును. అట్లు జరుగుట లేదు. మొదటి తెఱగువారే దానిని ఎక్కువగా పంచుకొనుచున్నారు. 2013లో స్వీడను దేశపు జనుల లెక్కలను పరిశోధించినవారు, కొందఱకీ వ్యాధి వచ్చి కొందఱకు రాకుండుటలో గల భేదమునకు సుమారు సగము పాలు జన్యువులు కారణమని తేల్చిరి. తక్కిన సగము ఒక్కొక్కరికి వేఱువేఱుగా జీవితములో తటస్థించు సంగతులది. బిడ్డలందఱకు సమానముగా దొరకు తల్లి పెంపకమునకు ఆ లెక్కలో చోటు దాదాపు లేదు. ఈ యొక్క వాక్యము కోసమైనను ఆ పరిశోధకులకు తల్లులందఱు నమస్కరింపవలసియున్నది.

సగము జన్యువులదియే కదా, మన పెద్దల మాట నిజమే కదా యని తొందరపడువారు ఇంకొక లెక్క వినవలయును. 2000 సంవత్సరమున అమెరికాలోని జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయమువారు రోగుల దగ్గఱి రక్తసంబంధులను, ఆరోగ్యవంతుల దగ్గఱి రక్తసంబంధులను ఒక్క తీరున పరీక్షించిరి. రోగుల బంధువులలో నూటికి సుమారు 12 మందికిని, తక్కినవారి బంధువులలో నూటికి సుమారు ముగ్గురికిని వ్యాధి యుండెను. నాలుగురెట్లు ఎక్కువ, నిజమే. కాని అదే లెక్కను మఱియొక వైపునుండి చదువుడు. రోగియొక్క తోబుట్టువులు, తలిదండ్రులు, బిడ్డలు నూర్గురుండినచో, వారిలో ఎనుబదియెనమండుగురికి ఆ వ్యాధి లేదు. పెండ్లిచూపులవేళ ఈ రెండవ పఠనమును చేయువారు మాకింతవఱకు తారసపడలేదు.

ఇక ఆ జన్యువు ఏది? మొదట శాస్త్రజ్ఞులు ఒకటో రెండో జన్యువులు దొరకునని వెదకిరి. 2007లో అమెరికాలోని డ్యూకు విశ్వవిద్యాలయమున గ్వోపింగు ఫెంగు మొదలగువారు ఎలుకలలో శాప్యాప్-3 అను ఒక జన్యువును తీసివేసిరి. ఆ యెలుకలు ముఖము తుడుచుకొన్నదే తుడుచుకొనుచు, చర్మము ఊడి పుండ్లుపడువఱకు మానలేదు. ఓ.సి.డి. రోగుల కిచ్చు ఫ్లూఆక్సిటిను మందు నిచ్చినచో తగ్గినది. మెదడులో లోతుగా నుండు స్ట్రయేటమను భాగమున ఆ జన్యువును మరల ప్రవేశపెట్టగా ఆ పని మానినవి. మడి, మైల, పెంపకము, పాపము ఏమియు తెలియని మూషికమునకు కూడ ఈ బాధ కలుగునని తెలిసినపుడు, మన గృహిణి నేరమేమున్నది?

అయితే మనుష్యుని సంగతి ఎలుకంత సులువు కాలేదు. రోగుల జన్యువుల నన్నిటిని ఆరోగ్యవంతుల జన్యువులతో ప్రక్కప్రక్కన బెట్టి పోల్చు పెద్ద ప్రయత్నము 2013లో 1,465 మంది రోగులతో మొదలయ్యెను. నిశ్చయముగా చెప్పదగినది పెద్దగా తేలలేదు. రోగుల సంఖ్య చాలలేదని గ్రహించి దేశదేశముల వైద్యులు తమ లెక్కలను ఒకచోట చేర్చిరి. 2025లో 'నేచర్ జెనెటిక్స్' అను పత్రికలో ప్రకటితమైన పరిశోధనలో 53,660 మంది రోగులు, 20 లక్షలకు మించిన ఇతరులు చేరిరి. అప్పటికి గాని మన క్రోమోజోములలో 30 తావులు నిశ్చయముగా బయటపడలేదు. ఆ తావులలో నిజముగా కారణమగుటకు ఎక్కువ అవకాశము గల జన్యువులుగా సుమారు 25 లెక్కకు వచ్చినవి. అవియు కొనకొమ్మలే. జన్యువుల ప్రభావములో నూటికి తొంబది పాళ్లకు లెక్క చెప్పవలయునన్న 11,500 సూక్ష్మభేదములు కావలయునని వారు గణించిరి. ఆ భేదములు ఒక్కొక్కటియు ఆవగింజంతటివి. లోకములో అందఱియందు ఎన్నో కొన్ని ఉండునవి. వానిలో చాలభాగము దిగులు, ఆందోళన, టురెట్, తిండి మానుకొను వ్యాధి మొదలగు వానితో కలిసియున్నవనియు తెలిసినది. కావుననే ఒక యింట తల్లికి చేతులు కడుగు వ్యాధి, కుమారునకు కనుఱెప్పలదరుట, కుమార్తెకు దిగులు కనబడుట సంభవించుచున్నది. అవి మూడు శాపములు కావు.

పదునొకండు వేల యేనూఱను లెక్క వినగనే తల తిరుగును. నంద్యాల సీమవారికి దీనిని బోధించుట మాత్రము కష్టము కాదు. 1906నుండియు నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రము కలదు. నంద్యాల సోనా వరి అచ్చటిదే. వరిలో కొన్ని గుణములు ఒకే జన్యువును పట్టి నడచును. బియ్యపుగింజ యెఱ్ఱనిదా తెల్లనిదా యనునది అట్టిది. కాని ఎకరమునకు ఎన్ని బస్తాలు పండునన్నది అట్లు కాదు. దానికి లెక్కలేనన్ని జన్యువులు తలా కొంత చేయివేయును. అంతతో తీఱక కర్నూలు–కడప కాలువ నీరు వేళకు వచ్చెనా, పూతవేళ వాన కురిసెనా అనునవియు చేరును. ఓ.సి.డి. ఎఱ్ఱబియ్యము వంటిది కాదు, పంట దిగుబడి వంటిది.

ఎఱ్ఱబియ్యము వంటి దృష్టాంతమును మనుష్యులలోనే, అదియు మన తెలుగువారిలోనే, చూడవచ్చును. ఆంధ్రదేశపు వైశ్యులలో కొందఱకు శస్త్రచికిత్సవేళ సక్సినైల్ కోలిను అను మత్తువైద్యపు మందిచ్చినచో, కండరములు త్వరగా తేఱుకొనక, ఊపిరి తిరిగి ఆడుటకు ఆలస్యమగునని వైద్యులెఱుగుదురు. ఆ మందును విఱుగగొట్టు ఒక పదార్థము శరీరమున లోపించుటయే దానికి కారణము. దానికి ఒకే జన్యువు మూలము. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తంగరాజు, లాల్జీ సింగు గార్లును, అమెరికాకు చెందిన డేవిడ్ రైకు గారును 2009లో ప్రకటించిన పరిశోధనలో, వైశ్యులు నూఱు తరములకు పైగా తమలో తామే వివాహమాడుచు వచ్చిరని తేలెను. 2017లో వారే 260కి మించిన సమూహములను పరీక్షించి, వానిలో 81 ఇట్టివని చూపిరి. చిన్న సమూహమున ఒక్క జన్యువు వలన కలుగు లోపములు నిలిచి, తల్లివైపునుండియు తండ్రివైపునుండియు బిడ్డకు జోడుగా దొరకుట సులభము. మేనరికమున గల చిక్కు ఇదియే. మన రాష్ట్రమున నేటికిని పెండ్లిండ్లలో సుమారు నాలుగింట ఒకటి దగ్గఱి బంధువుల మధ్యనే జరుగుచున్నది కనుక, అట్టి లోపములు తెలిసిన యింటివారు వైద్యుని అడిగి పెండ్లి నిశ్చయించుకొనుట వివేకము.

కాని ఆ యెఱుకను తెచ్చి ఓ.సి.డి.కి తగిలించుట పొరపాటు. వేలకొలది సూక్ష్మభేదములు అందఱి రక్తమునను ఉన్నపుడు, పది సంబంధములు కాదని పదునొకండవది వెదకినను, అవి లేని యిల్లు దొరకదు. తల్లివైపు కొన్ని, తండ్రివైపు కొన్ని వచ్చి కలియును. ఇది నీ పుట్టింటిది, అది మా యింటిది యని వేఱుపఱచుటకు లేదు. రక్తము తీసి, ఈ పిల్లకు ఓ.సి.డి. వచ్చును, ఈ పిల్లకు రాదు అని చెప్పగల పరీక్ష లోకమున నేడు ఎచ్చటను లేదు. ఉన్నదని చెప్పి సొమ్ము గుంజువారిని నమ్మవలదు.

మఱియొక హేతువును కలదు. పైని చెప్పిన 2025 నాటి పరిశోధనలోని రోగులందఱును ఐరోపా సంతతివారు. మన రక్తపు లెక్కలు అందు లేవు. తెలుగువారి జన్యువుల మాట యెత్తినచో విదేశీయ శాస్త్రజ్ఞులు చిరకాలము చూచుచు వచ్చినది బ్రిటనులో నివసించు 102 మంది తెలుగువారి నమూనా. 26 జనసమూహములనుండి 2,504 మంది జన్యువులను సంపూర్ణముగా చదివి 2015లో ముగించిన 'వేయి జీనోముల' ప్రణాళికలో వారి రక్తము చేరినది. ఏ యూరివారో, ఏ యింటివారో పేర్లు లేవు; మాతృభూమికి వేలమైళ్ల దూరమున చేయిచాచి ఇచ్చిన ఆ నెత్తురే ప్రపంచపు పట్టికలో మన జాతికి ప్రతినిధి యైనది. ఆ పిమ్మట మన ప్రభుత్వము 2020లో జీనోమ్ ఇండియా అను ప్రణాళిక నారంభించి, దేశము నలుమూలలనుండి 10,000 మంది జన్యువులు చదివించి, 2025 జనవరిలో ఆ లెక్కలను పరిశోధకులకు అందుబాటు చేసినది. అవి ఆరోగ్యవంతుల లెక్కలు. వానితో పోల్చుటకు రోగుల లెక్కలు కావలయును కదా.

ఆ పనికి బెంగుళూరు ముందుకు వచ్చినది. రాయలసీమవారికి నిమ్హాన్స్ పేరు క్రొత్త కాదు. మైసూరు ప్రభుత్వపు మానసిక చికిత్సాలయమును అఖిలభారత మానసికారోగ్య సంస్థయు కలిసి 1974లో ఆ సంస్థగా ఏర్పడినవి. అచ్చట ఓ.సి.డి.కి ప్రత్యేకమైన క్లినిక్కు కలదు, డాక్టరు వై. సి. జనార్దనరెడ్డిగారు ఈ వ్యాధిపై చేసిన కృషిచే వైద్యలోకమున సుప్రసిద్ధులు. 2016నుండి నిమ్హాన్సును, అచ్చటి జీవశాస్త్ర పరిశోధనసంస్థలును కలిసి, ఒకే యింట ఇద్దఱికో అంతకు మించియో తీవ్రమైన మనోవ్యాధి యున్న కుటుంబములను పరీక్షించుచు వచ్చినవి. ఓ.సి.డి. వారెన్నుకొన్న అయిదు వ్యాధులలో ఒకటి. ఇందు వింతయేమనగా, రోగి రక్తమువలెనే, అదే కడుపున పుట్టియు వ్యాధి రాని అక్కచెల్లెండ్ర రక్తమును వారికి అమూల్యమే. ఒకే గింజలనుండి మొలచి ఒక మొక్క వాడి ఒకటి నిలిచినచో, నిలిచినదానిని గూడ చూడవలయును కదా. ఆ రక్తకణములను వెనుకకు మరలించి, పిండదశనాటి మూలకణముల వంటివానిగా చేసి, వానినుండి నరకణములను గాజుపళ్లెరములో పెంచి చూచుచున్నారు. బ్రతికియున్న మనుష్యుని మెదడును కోసి చూడ వీలుకాదు. ఈ విధముగా దాని తమ్ముని వంటిదానిని చూడ వీలయినది.

పరిశోధన ఫలించి క్రొత్త మందు వచ్చునాటికి ఎన్నియేండ్లు పట్టునో గాని, నేడున్న వైద్యము తక్కువది కాదు. జన్యువులలో నున్నదానికి మందేమి యను నిరాశ కూడదు. చత్వారము, చక్కెరవ్యాధి జన్యువులతో సంబంధము లేనివా? ఫ్లూఆక్సిటిను, సెర్ట్రలిను, క్లోమిప్రమిను మొదలగు మందులు చాలమందికి వ్యాధిని తగ్గించును. దిగులునకు ఇచ్చు మోతాదు కంటె దీనికి హెచ్చు మోతాదు కావలసివచ్చును. గుణము తెలియుటకు పది పండ్రెండు వారములు పట్టును. మూడవ వారముననే గుణము లేదని మాని, సోదె యడుగబోవువారే మనలో ఎక్కువ.

మందులేకయు, మందుతోపాటును చేయు చికిత్స యొకటి కలదు. 1966లో లండనున విక్టరు మేయరు అను మానసిక శాస్త్రజ్ఞుడు దీనిని మొదట ప్రకటించెను. రోగి భయపడు వస్తువును ఆమెచేతనే తాకించి, కడుగుకొనకుండ ఓర్చుకొనుమని ప్రక్కన కూర్చుందురు. భయము కొండంత పెరిగి, పిమ్మట తనంత తానే దిగిపోవును. తేలికైన వానితో నారంభించి క్రమముగా పైకి పోవుదురు. శిక్షణ పొందినవారే చేయింపదగిన పని యిది. కోడలి చేయి బలాత్కారముగా పేడలో ముంచుట చికిత్స కాదు.

ఇంటివారి నడవడి ఇందు మిక్కిలి ముఖ్యము. రోగి 'గ్యాసు కట్టితినా?' యని అడుగును. 'కట్టితివి' అందుము. మరల అడుగును. జాలిచేత పదిమాఱులు చెప్పుదుము. ఆమె కోరినట్లు మనమును వీథినుండి వచ్చి కాళ్లు మూడుమాఱులు కడుగుదుము, ఆమె కొఱకు తాళము మనమే పోయి చూచుదుము. ఇది ప్రేమయే. కాని ప్రతి సమాధానమును ఆ వ్యాధికి ఒక ముద్ద అన్నము. అటులని ఒక్కదినమున అన్నియు మానివేసి, 'నీ చావు నీవు చావుము' అనుటయు తగదు. వైద్యుని ముందు రోగితో ఒడంబడి, 'ఇది వ్యాధి యడుగుచున్న ప్రశ్న, నేనొక్కసారియే బదులు చెప్పుదును' అని మెల్లగా తగ్గించుకొని రావలయును. ఏడిపించుట, బంధువుల యెదుట వేళాకోళము చేయుట, నీళ్ల బిందెలు దాచుట—ఇవి యేవియు పనిచేసినట్లు మేము వినలేదు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారు మొదటనే బెంగుళూరు పోనక్కఱలేదు. కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యవిభాగము కలదు. 2022 ఏప్రిలులో నంద్యాల ప్రత్యేక జిల్లా యైన పిమ్మట, 2023లో ఆ పట్టణమునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. గడప దాటలేని స్థితిలోనున్నవారును, దాటుటకు సిగ్గుపడువారును టెలిమానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యపై ఫోను చేయవచ్చును. సొమ్ము చెల్లింపనక్కఱలేదు, తెలుగులోనే మాటాడుదురు. వైద్యుని కడకు పోవునపుడు ఇంటిలో తల్లివైపుననో తండ్రివైపుననో ఎవరికైన ఇట్టి బాధ యుండెనేమో జ్ఞాపకము చేసికొని, దాచక చెప్పవలయును. ఏ మందు వారికి గుణమిచ్చెనో తెలిసినచో అదియు చెప్పవలయును.